మిస్ పెట్టిగ్రూ ఆకలి

'మిస్ పెట్టిగ్రూ లివ్స్ ఫర్ ఎ డే' సినిమా చూసినవాళ్లని ఎలా ఉందని అడిగితే దాదాపు అందరూ ఒకటే మాట చెబుతారు: "బావుంటుంది, సరదాగా చూసెయ్యొచ్చు." నిజమే, గంటన్నరలో అయిపోతుంది. పాతకాలం లండను, మెరిసే గౌన్లు, పియానో పాటలు, తలుపు చాటు కంగార్లు, చివర్లో రెండు జంటలు. కానీ ఆ ఒక్క మాటతో ఈ సినిమాని పక్కన పెట్టేస్తుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 2008లో వచ్చిన ఈ సినిమా నవ్వించే ప్రతి చోటా అడుగున ఒక భయం ఉంది. రేపు తిండెక్కడ, తల దాచుకునేదెక్కడ అనే భయం. అది ఉత్తుత్తి భయం కాదు కాబట్టే ఆ నవ్వు ఇన్నేళ్లయినా పాతబడలేదు. ఇంకో సంగతి, దీన్ని ప్రేమకథ అంటారు గానీ ఇందులో అసలు జంట ప్రేమికులు కారు. ఇద్దరు ఆడవాళ్లు.

కథ 1939లో, యుద్ధం ముంగిట్లో నిలబడ్డ లండన్‌లో జరుగుతుంది. గినివీర్ పెట్టిగ్రూ ఒక పాస్టరు గారి కూతురు. నడివయసు, పెళ్లి కాలేదు. డబ్బున్న ఇళ్లలో ఉంటూ పిల్లలకు చదువూ పద్ధతులూ నేర్పే గవర్నెస్ పని ఆమెది. నోరు అదుపులో పెట్టుకోవటం చేతకాదు, పట్టింపులు ఎక్కువ, అందుకని ఏ ఇంట్లోనూ నిలవలేదు. సినిమా మొదలయ్యేసరికి మళ్లీ ఒక ఇంటివాళ్లు పంపించేశారు. దారిలో ఎవరో ఎదురుపడి గుద్దుకుంటే పెట్టె తెరుచుకుని ఉన్న నాలుగు బట్టలూ రోడ్డు పాలయ్యాయి. ధర్మానికి సూపు పోసే చోట వరసలో నిలబడితే చేతికందిన కప్పు కూడా ఒలికిపోయింది. ఉద్యోగాలు చూపించే ఏజెన్సీలో మిస్ హోల్ట్ అనే ఆవిడ, ఇక నీకు నేను చూపించగలిగిందేమీ లేదు పొమ్మంది. ఆవిడ అటు తిరిగిన క్షణంలో బల్ల మీదున్న ఒక కార్డు పెట్టిగ్రూ చేతిలోకి వచ్చేసింది. జీవితంలో ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషి, దొంగిలించిన అడ్రసు పట్టుకుని ఉద్యోగానికి బయల్దేరుతుంది.

ఆ అడ్రసు డెలీషియా లఫాస్ అనే పాటల పిల్లది. ఆమె చుట్టూ ముగ్గురు మగవాళ్లు. నాటకంలో పెద్ద వేషం ఇప్పించగల కుర్ర ప్రొడ్యూసర్ ఫిల్, ఆమె ఉంటున్న ఖరీదైన ఫ్లాటుకూ పాడే నైట్ క్లబ్బుకూ యజమాని అయిన నిక్, చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా ఆమెను నిజంగా ప్రేమించిన పియానో వాద్యకారుడు మైకేల్. పెట్టిగ్రూ తలుపు తట్టేసరికి ఫిల్ పడకగదిలో గుర్రు పెడుతున్నాడు, నిక్ ఏ నిమిషానైనా ఊడిపడతాడు. ఆ చిక్కులోంచి బయటపడేసే పని, పిల్లల్ని నిద్రలేపి స్నానాలకు తరిమే అలవాటున్న గవర్నెస్ మీద పడుతుంది. ఆమె దాన్ని అద్భుతంగా నెరవేరుస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇలాంటి సినిమాల్లో మామూలుగా ఏం జరుగుతుంది? పాత బట్టల మనిషిని తీసుకెళ్లి జుట్టు దువ్వి, రంగులద్ది, కొత్త గౌను తొడుగుతారు. అప్పుడు గానీ లోకం ఆమె వైపు తిరిగి చూడదు. ఇందులోనూ ఆ ముస్తాబు ఘట్టం ఉంది. కానీ అది వచ్చేటప్పటికే పెట్టిగ్రూ గెలిచేసింది. ఆ ఫ్లాటులో మొదటి గంటలో, రంగు వెలిసిన కోటుతోనే, తన తెలివీ సమయస్ఫూర్తీ ఏమిటో చూపించేసింది. డెలీషియా ఆమెను నమ్మింది అప్పుడు. గౌను తరవాత వచ్చింది. ఈ వరస చాలా ముఖ్యమని నా అభిప్రాయం. రెండో అవకాశం బట్టల వల్ల రాలేదు, ఎవరో జాలిపడి ఇచ్చిందీ కాదు. ఆమెకు చేతనైన పనిని చూసి, "నువ్వు లేకపోతే నాకు గడవదు" అని ఒక మనిషి అన్నందువల్ల వచ్చింది. ఆ మాట అన్నది మగవాడు కాదు.

మెక్‌డార్మండ్ ఈ పాత్ర చేసిన తీరు చూడండి. ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ అంటే గట్టి మనుషుల పాత్రలే గుర్తొస్తాయి మనకి. ఇక్కడ ఆమె భుజాలు ముందుకు వంచి, మోచేతులు ఒంటికి అదిమిపెట్టుకుని, గదిలో తను ఆక్రమించే చోటు కూడా ఎవరిదో అన్నట్టు నిలబడుతుంది. పరాయి ఇళ్లలో ఏళ్ల తరబడి బతికినవాళ్లకే వచ్చే నిలబడే తీరు అది. మా అమ్మమ్మగారి ఊళ్లో అలాంటావిడ ఒకరు ఉండేవారు, అందరూ దొడ్డమ్మ అనేవాళ్లు. చిన్నతనంలో భర్త పోయి, బంధువుల ఇళ్లలో ఒకచోట పురుళ్లకీ, ఒకచోట పిల్లలకి ఎక్కాలు చెప్పటానికీ తిరుగుతూ ఉండేవారు. కుర్చీలో కూర్చున్నా అంచు మీదే కూర్చునేవారు. అన్నం దగ్గర "నాకిప్పుడే వద్దులేమ్మా" అనేది ఆవిడే, ఆఖరికి గిన్నె అడుగుది తినేదీ ఆవిడే. మెక్‌డార్మండ్ నడకలో నాకు ఆవిడ కనిపించారు. ఇంగ్లండు గవర్నెస్‌కీ మన దొడ్డమ్మకీ ఆచారాలు వేరు, దేశం వేరు. ఆ కుర్చీ అంచు మాత్రం ఒకటే.

ఆకలి సంగతి. సినిమా అంతటా పెట్టిగ్రూ తిండి కోసం చెయ్యి చాపుతూనే ఉంటుంది, ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంటుంది. చుట్టూ పార్టీల పళ్లేలు తిరుగుతుంటాయి. నోటి దాకా వచ్చేలోపు ఎవరో పిలుస్తారు, లేదా ఎవరో లాక్కుపోతారు. మొదటిసారి నవ్వుతాం. రెండోసారీ నవ్వుతాం. కాసేపటికి మన కడుపులో ఏదో కదులుతుంది. ఈమె నిన్నటి నుంచీ ఏమీ తినలేదు కదా అని గుర్తొస్తుంది. దర్శకుడు దాన్ని ఎక్కడా ఎత్తి చూపించడు, విషాద సంగీతం పెట్టడు. హాస్యంగానే నడిపిస్తాడు. ఆకలిని హాస్యం చేయటం తప్పు కదా అని ఒక మిత్రుడు అన్నాడు నాతో. ఆకలిగొన్న మనిషిని వెక్కిరిస్తే తప్పు. ఇక్కడ వెక్కిరింత ఆమె మీద లేదు, ఆమె ఆకలి కనిపించని చుట్టుపక్కల జనం మీద ఉంది.

మనకిది కొత్తేమీ కాదు. 1955లో వచ్చిన 'మిస్సమ్మ' గుర్తు చేసుకోండి. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వం, విజయా వారి సినిమా. నిరుద్యోగులైన ఒక పట్టభద్రుడూ ఒక పట్టభద్రురాలూ, భార్యాభర్తలకే ఇస్తామన్న మేష్టరు ఉద్యోగాల కోసం దొంగ దంపతులుగా జమీందారు ఊరికి వెళ్తారు. సావిత్రి పాత్రకు తీర్చాల్సిన అప్పుంది. ఆ అప్పు లేకపోతే ఆ కథే లేదు. ఇంతకంటే సరదా సినిమా మనకి ఇంకోటి లేదని నేనంటాను. దాని పునాది మాత్రం జీతం రాళ్లు. ఉద్యోగం కోసం అబద్ధమాడిన మనిషి ఆ అబద్ధంలోనే తన నిజాన్ని వెతుక్కోవటం 'మిస్సమ్మ'లోనూ ఉంది, పెట్టిగ్రూలోనూ ఉంది. రెండింటిలోనూ కథ రాసినవాళ్లకి నెలాఖరంటే ఏమిటో తెలుసు.

పెట్టిగ్రూని సృష్టించిన రచయిత్రికైతే బాగా తెలుసు. ఈ సినిమాకి మూలం 1938లో వినిఫ్రెడ్ వాట్సన్ రాసిన అదే పేరు గల నవల. ఆవిడది ఇంగ్లండు ఈశాన్య ప్రాంతం, న్యూకాసిల్ ఊరు. అక్కలు చదివినట్టే పైచదువులు చదవాల్సింది. ఆర్థిక మాంద్యంలో తండ్రి చెప్పుల దుకాణాలు దెబ్బతిని ఆ చదువు ఆగిపోయింది. టైపిస్టుగా చేరింది, ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడు మొదటి నవల రాసింది. పల్లెటూరి గంభీర కథలతో పేరు తెచ్చుకున్న మనిషి ఉన్నట్టుండి నైట్ క్లబ్బుల హాస్యం రాస్తే ప్రచురణకర్తలు మొదట వెనకాడారు. తర్వాత పుస్తకం బాగా నడిచింది. హాలీవుడ్‌లో యూనివర్సల్ వాళ్లు హక్కులు కొని, బిల్లీ బర్క్ అనే నటితో పాటల సినిమా తీద్దామనుకున్నారు. ఇంతలో 1941 డిసెంబరులో జపాను అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది, ఆ సినిమా ఆగిపోయింది.

నవలలో యుద్ధం లేదు. యుద్ధమే ఆ నవల సినిమా కాకుండా ఆపింది. అరవై ఏళ్ల పైచిలుకు తర్వాత సినిమా తీసినవాళ్లు కథను ఒక ఏడాది ముందుకు జరిపి ఆ యుద్ధాన్నే కథలోకి తెచ్చారు. నా లెక్కలో ఈ సినిమా చేసిన తెలివైన పనుల్లో ఇది మొదటిది. నవలలో యూదుల మీదా పరదేశీయుల మీదా ఆ కాలపు చిన్నచూపు మాటలు కొన్ని ఉన్నాయి, చదువుతుంటే గుచ్చుకుంటాయి. వాటిని తీసేయటం రెండోది.

యుద్ధం ఎలా వచ్చిందో చూపించే ఒక్క సన్నివేశం చెబుతాను. డెలీషియా ఫ్లాటులో పార్టీ జరుగుతోంది. తాగుతున్నారు, నవ్వుతున్నారు, ఒకరి మీద ఒకరు వదంతులు చెప్పుకుంటున్నారు. ఇంతలో ఆకాశంలో యుద్ధవిమానాల మోత. కుర్రకారంతా బాల్కనీలోకి పరిగెత్తి కేకలు, చప్పట్లు. లోపల ఇద్దరే మిగిలారు. ఒకరు పెట్టిగ్రూ, ఇంకొకరు జో బ్లోమ్‌ఫీల్డ్ అనే నడివయసు డిజైనరు. వీళ్లకి కిందటి యుద్ధం గుర్తులేదు అంటుంది ఆమె. లేదు, అంటాడు అతను. అంతే సంభాషణ. పెట్టిగ్రూని చేసుకోవలసినవాడు ఆ కిందటి యుద్ధంలో ఫ్రాన్సు బురదలో పోయాడు. ఒక తరం మగపిల్లలు అలా పోయారు. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లు 17 లక్షల పైచిలుకు ఎక్కువ తేలారు. పత్రికలు వాళ్లకు "మిగులు ఆడవాళ్లు" అని పేరు పెట్టాయి. ఎంత పాపిష్టి పేరు! ఆ మిగిలిపోయిన లక్షల మందిలో ఒకతెకు ఇరవై ఏళ్ల తర్వాత ఒక రోజు దొరికితే ఎలా ఉంటుందన్నది ఈ సినిమా. అప్పుడు ఆ పార్టీలో కేకలేస్తున్న కుర్రాళ్ల ముఖాలు మళ్లీ చూస్తే గుండె కలుక్కుమంటుంది. వాళ్లలో ఎందరు తిరిగొస్తారు?

జో వృత్తిరీత్యా ఆడవాళ్ల లోదుస్తులు డిజైన్ చేస్తాడు. డబ్బూ పేరూ అందులోనే వచ్చాయి. కానీ మొదలుపెట్టింది మగవాళ్ల మేజోళ్లతో. ఇద్దరూ మాట్లాడుకుంటూ మేజోళ్ల దగ్గరికి వస్తారు. మడమ దగ్గర అల్లిక తిప్పటం ఎంత కష్టమో, మంచి మేజోడు నేయాలంటే ఎంత పనితనం కావాలో అతను మురిసిపోతూ చెబుతాడు. ఆమె అంతే శ్రద్ధగా వింటుంది, ఎందుకంటే ఆమెకూ అల్లిక తెలుసు. నేను చూసిన ప్రేమ సన్నివేశాల్లో ఇంత నమ్మదగ్గవి చాలా తక్కువ. పనిని గౌరవించే ఇద్దరు, పని గురించి మాట్లాడుకుంటూ దగ్గరవుతారు. సినిమా విడుదలైనప్పుడు మెక్‌డార్మండ్‌కి యాభై, జోగా చేసిన కియరన్ హైండ్స్‌కి యాభై అయిదు. ఈ అంకెలు కావాలనే రాస్తున్నాను. మన దగ్గర యాభై అయిదేళ్ల హీరో పక్కన పాతికేళ్ల అమ్మాయిని నిలబెట్టి ప్రేమ పాట తీస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఆ వయసు ఆడమనిషికి ప్రేమ రాస్తే మాత్రం "ఈ వయసులో ఆవిడకేమిటి" అంటారు. ఆవిడకి మేజోళ్ల గురించి కబుర్లు కావాలి, ఒక పూట కడుపు నిండా భోజనం కావాలి, చెబితే వినే మనిషి కావాలి. ఇందులో వయసుకి మించినదేముంది?

అయినా జో కంటే డెలీషియా బంధమే గట్టిదన్నాను. ఎందుకంటే, పైకి చూస్తే వీళ్లిద్దరికీ పొంతన లేదు. ఒకతె ప్రార్థనల ఇంట్లో పెరిగింది, ఇంకొకతె ముగ్గురు మగవాళ్లతో తిరుగుతోంది. కానీ డెలీషియా అసలు పేరు శారా గ్రబ్, ఊరు పిట్స్‌బర్గ్. ఆ ఫ్లాటు ఆమెది కాదు, ఒంటి మీద బట్టలు కూడా ఆమెవి కావు. నిక్ కోపం వస్తే సాయంత్రానికి రోడ్డు మీదుంటుంది. అంటే ఆమె కూడా పెట్టిగ్రూ నిలబడ్డ సూపు వరసకి ఒక్క అడుగు దూరంలోనే ఉంది, కాకపోతే మెత్తటి తివాచీ మీద నిలబడి ఉంది. డెలీషియాగా చేసిన ఎమీ ఆడమ్స్ ఆ అల్లరి గొంతులో నుంచి ఈ భయాన్ని తొంగిచూడనిచ్చిన విధం అమోఘం. పెట్టిగ్రూ తనకి ప్రేమ గురించి తెలుసనదు, ప్రేమ లేని బతుకు గురించి మాత్రం బాగా తెలుసంటుంది. దానిలోంచే నిన్ను తప్పించాలని నా తాపత్రయం అంటుంది. ఉపదేశం చేసే హోదాలోంచి కాకుండా, తను పోగొట్టుకున్న చోటులోంచి చెప్పింది కాబట్టే ఆ పిల్ల విన్నది. క్లబ్బులో మైకేల్ పియానో వాయిస్తుంటే డెలీషియా పాడుతూ పాడుతూ గొంతు వణికే చోటు ఉంది. అక్కడ ఆమె ఎవరిని ఎంచుకుంటుందో మనకి తెలిసిపోతుంది. తెల్లారేసరికి మైకేల్‌తో న్యూయార్కు ఓడ ఎక్కుతుంది. ఒకతె ఇంకొకతెకు ఉద్యోగం ఇచ్చింది, ఆ రెండోది ఆమెకు ధైర్యం ఇచ్చింది. బాకీ చెల్లు.

సినిమాలో నాకు నచ్చనిదీ ఉంది. సలోను నడిపే ఈడిత్ పాత్ర. పెట్టిగ్రూని సూపు వరసలో చూసింది ఈమే. ఆ రహస్యం అడ్డం పెట్టుకుని, జోతో మళ్లీ కలిపిస్తావా లేక బయటపెట్టనా అని బెదిరిస్తుంది. షర్లీ హెండర్సన్ బాగా చేసింది, కానీ రాసినవాళ్లు ఈడిత్‌ని ఒట్టి కుట్రదారుగానే వదిలేశారు. సొంత దుకాణం పెట్టుకుని, వయసు జారిపోతోందని బెంగపడుతూ, ఒక మగవాడి అండ కోసం ఆరాటపడే మనిషి ఆమె కూడా. ఇద్దరికి దక్కిన దయలో ఆమెకు కాస్త పంచి ఉంటే ఈ సినిమా ఇంకా పెద్దదయ్యేది.

దర్శకుడు భరత్ నల్లూరి. గుంటూరులో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండు వెళ్లిపోయి న్యూకాసిల్‌లో పెరిగారు. అంటే రచయిత్రి బతికిన ఊరే. మనవాడు తీశాడు కాబట్టి చూడండి అని నేను చెప్పటం లేదు, ఈ సినిమా ఇంగ్లండు సినిమాయే, దాని మట్టి అక్కడిదే. బీబీసీ సీరియళ్లలో, 'స్పూక్స్', 'లైఫ్ ఆన్ మార్స్' లాంటి వాటిలో సంపాదించిన వేగం ఈయన చేతిలో ఉంది. తలుపులు తెరుచుకోవటం, మూసుకోవటం, ఒక మనిషి అటు వెళ్లగానే ఇంకొకరు ఇటు రావటం, అంతా గడియారం ముల్లులా నడుస్తుంది. 2017లో ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ మీద తీసిన 'ది మ్యాన్ హూ ఇన్వెంటెడ్ క్రిస్మస్' కూడా మనిషికి మారే వీలుందా అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆయనకి ఈ విషయం మీద మమకారం ఉందని నాకనిపిస్తుంది.

వాట్సన్ ఈ సినిమా చూడలేదు. ఆరు నవలలు రాసి, యుద్ధకాలంలోనే రాయటం మానేసింది. పుస్తకం మరుగున పడిపోయింది. 2000లో పెర్సెఫనీ బుక్స్ అనే లండన్ ప్రచురణ సంస్థ, మరిచిపోయిన రచయిత్రుల పుస్తకాలు మళ్లీ వేస్తూ, దీన్నీ వేసింది. అప్పటికి ఆవిడ తొంభై దాటింది. 2002లో పోయింది. నవలలోని మనిషికి దొరికిన రెండో అవకాశం పుస్తకానికీ దొరికిందనుకుని సంతోషించొచ్చు. కానీ మధ్యలో ఆవిడ రాయని పుస్తకాల సంగతేమిటని నా ఏడుపు.

చివరగా ఒక కోరిక. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లో మద్రాసు సగం ఖాళీ అయింది, జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పోయారు. సినిమావాళ్లూ చెల్లాచెదురయ్యారు. ఆ మద్రాసులో ఒకే ఒక్క రోజు ఊహించండి. అందరూ రైలెక్కుతున్నప్పుడు వెళ్లటానికి ఏ ఊరూ లేని ఒక నడివయసు టీచరమ్మ, కంపెనీ వాళ్లు ఇచ్చిన ఇంట్లో ఉంటూ అది ఎప్పుడు పోతుందో తెలియని ఒక కుర్ర నటి. ఇది ఆ సినిమాకి అనుకరణ కానక్కర్లేదు, మన చరిత్రలో ఆ రోజు నిజంగానే ఉంది. ఆ టీచరమ్మగా నేను రోహిణి గారిని ఊహించుకుంటున్నాను. ఎందరో హీరోయిన్లకు తన గొంతు ఇచ్చిన మనిషి, 'బాహుబలి'లో ఇంకొకరి బిడ్డని పెంచిన తల్లిగా కనిపించిన మనిషి. ఒక సినిమా మొత్తం ఆవిడ గొంతు ఆవిడ ముఖం మీదే, ఆవిడ కథే చెబుతుంటే చూడాలని ఉంది.